పురాతన డీఎన్‌ఏ: ఫలితం తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి?

వేల ఏళ్ల నాటి ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి, ఆ మనిషి పూర్వీకులు ఎటు నుంచి వచ్చారో తేల్చే పనిలో పొరపాట్లు చెప్పి రావు. యంత్రం ఆగిపోదు. తెర మీద హెచ్చరిక కనబడదు. తప్పు ఫలితం కూడా ఒప్పు ఫలితంలాగే చక్కటి పటంగా అచ్చవుతుంది, పైగా చాలాసార్లు దానికంటే ఊరించేలా ఉంటుంది. అందుకే ముందు ఎముకను, తర్వాత ప్రయోగశాలను, ఆ తర్వాత ప్రోగ్రామును అనుమానించాలి. చరిత్రను తిరగరాసే ఆలోచన ఆ మూడూ తేలాకే.

లక్షణం: డీఎన్‌ఏ రాలేదు, లేదా వచ్చిందంతా మట్టిలోని బ్యాక్టీరియాదే

మన దేశపు ఎముకలతో పనిచేసేవారికి ఇది నిత్యం ఉండే బాధే. వేడి, తేమ కలిసిన చోట డీఎన్‌ఏ త్వరగా ముక్కలైపోతుంది. హర్యానాలోని హరప్పా నాటి రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్క మహిళదే. ఆ ఒక్క నమూనా నుంచి కూడా వందకు పైగా డీఎన్‌ఏ లైబ్రరీలు (యంత్రం చదవడానికి వీలుగా సిద్ధం చేసిన ముక్కల సమూహాలు) తయారుచేసి, అన్నింటినీ కలిపితే మనుషుల మధ్య తేడాలు చూపే స్థానాల్లో చదవగలిగినవి సుమారు 31 వేలు.

పరిష్కారం తవ్వకం దగ్గరే మొదలవుతుంది. ఎముకను కడగకూడదు, ఎండబెట్టకూడదు, గట్టిపడాలని జిగురు పూయకూడదు. చేతొడుగులతో తీసి చల్లని చోట భద్రపరచాలి. కపాలం అడుగున లోపలి చెవిని కప్పి ఉంచే పెట్రస్ ఎముక దొరికితే దాన్నే ఎంచుకోవాలి. ఎంతో దట్టమైన ఈ ఎముకలో, పక్కటెముకల వంటి వాటితో పోలిస్తే కొన్నిసార్లు వంద రెట్లకు పైగా డీఎన్‌ఏ నిలిచి ఉంటుంది. అది లేకపోతే పన్ను. వచ్చిన దాంట్లో మనిషి డీఎన్‌ఏ ఒక శాతం కూడా లేకపోతే మొత్తం చదివించడం డబ్బు దండగ. మనుషుల మధ్య తేడాలు చూపే 12 లక్షల పైచిలుకు స్థానాలను మాత్రమే ఏరి పట్టే క్యాప్చర్ పద్ధతికి వెళ్లాలి. ఒకసారి పొడి చేసిన ఎముక మళ్లీ రాదు కాబట్టి, డ్రిల్ పట్టుకునే ముందే ఫొటోలు, సీటీ స్కాన్ పూర్తిచేయాలి.

లక్షణం: డీఎన్‌ఏ మరీ బాగా వచ్చింది

సంబరపడకండి. డీఎన్‌ఏను ఏ, సీ, జీ, టీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుసగా చదువుతారు. పాత డీఎన్‌ఏ ముక్కలు సాధారణంగా వంద అక్షరాలకు లోపే ఉంటాయి. 1985లో స్వాంటే పాబో 2,400 ఏళ్ల నాటి ఈజిప్టు శిశువు మమ్మీ నుంచి 3,400 అక్షరాల ముక్కను తీసినట్లు ప్రకటించారు. అంత పొడవైన ముక్క అన్ని శతాబ్దాలు నిలవదు. అది ఆధునిక మనిషి డీఎన్‌ఏ అయి ఉంటుందనే నిర్ణయానికి తర్వాత ఆయనే వచ్చారు. కలుషితాన్ని అడ్డుకునే పద్ధతులను ఏళ్ల తరబడి పట్టుబట్టి కట్టుదిట్టం చేసిందీ ఆయనే. 2022లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. తవ్వినవారిదో, మ్యూజియంలో ముట్టుకున్నవారిదో, ప్రయోగశాల సిబ్బందిదో డీఎన్‌ఏ చేరి ఉంటుంది. పట్టుకోవడానికి మూడు చోట్ల చూడాలి. ముక్కల పొడవు మొదటిది. రెండోది, ముక్కల చివర్లలో సీ అక్షరం టీగా మారిన గుర్తులు. కాలం చేసే ఈ నష్టం కొత్త డీఎన్‌ఏలో దాదాపు కనబడదు. మూడోది మగవారి ఎముకలకే పనికొస్తుంది. మగవారికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కనుక, దాని మీద ఒకే స్థానంలో పదే పదే రెండు రకాల అక్షరాలు కనిపిస్తే రెండో మనిషి లోపల ఉన్నట్లే.

కాలుష్యం కొద్దిగా ఉంటే, నష్టపు గుర్తులున్న ముక్కలను మాత్రమే ఉంచి మళ్లీ లెక్కించండి. ఎక్కువగా ఉంటే నమూనాను వదిలేయడమే మర్యాద. ఆ గుర్తులను చెరిపేసే యూడీజీ ఎంజైమును పూర్తిగా వాడితే మాత్రం సాక్ష్యాన్ని మన చేతులతోనే తుడిచేసినట్లు. చివరి అక్షరాల దగ్గర గుర్తు మిగిలేలా పాక్షికంగా వాడాలి.

లక్షణం: ఒకే చోటి అస్థిపంజరాలు వేర్వేరు దిక్కులు చూపుతున్నాయి

మొదట కాలుష్యాన్నే అనుమానించాలి. పై పరీక్షలన్నీ నెగ్గితే మాత్రం, ‘వీరంతా ఒకేసారి చనిపోయారు’ అన్న మన ఊహనే అనుమానించాలి. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్లకు పైన ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఎముకల విషయంలో జరిగింది అదే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 72 అస్థిపంజరాల మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చేది) చూసినప్పుడే రకరకాల వంశాలు బయటపడ్డాయి. 2019లో 38 మంది పూర్తి వివరాలు వచ్చాయి. 23 మంది దక్షిణాసియావారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశంవారు, ఒకరు ఆగ్నేయాసియా వంశంవారు. ఎముకలకు నేరుగా రేడియోకార్బన్ పరీక్ష చేయిస్తే మొదటి గుంపు క్రీ.శ. 800 ప్రాంతానికి, మిగతావారు సుమారు వెయ్యేళ్ల తర్వాతి కాలానికి చెందినవారని తేలింది. పక్కన దొరికిన కుండపెంకు తేదీని ఎముకకు అంటగడితే ఇలాంటివి ఎన్నటికీ బయటపడవు.

లక్షణం: దూరదూరపు జనాభాలన్నిటిలో ఒకే పూర్వీకుల వాటా

ఇది ప్రోగ్రాము జబ్బు. ఇథియోపియాలోని మోటా గుహలో దొరికిన 4,500 ఏళ్ల నాటి మనిషి జన్యువులను 2015లో ప్రచురించినప్పుడు, ఐరోపా-ఆసియా వైపు నుంచి తిరిగి వచ్చిన వలస ఆఫ్రికా అంతటా వ్యాపించిందని రాశారు. కాంగో అడవుల్లోని మ్బుటీల్లోనూ ఆ వాటా ఉందన్నారు. అసలు జరిగింది వేరు. రెండు ప్రోగ్రాముల మధ్య డేటా మార్చేటప్పుడు ఒక దశ తప్పిపోయి, మోటా మనిషి ప్రామాణిక జన్యుపటంతో సరిపోయే స్థానాలు లెక్కలోంచి జారిపోయాయి. దాంతో అతనితో పోల్చిన ప్రతివారూ ఐరోపా-ఆసియా వైపు జరిగినట్లు కనిపించారు. వేరే బృందం అదే డేటాతో లెక్క చేసి చూసినప్పుడు ఫలితం రాలేదు. 2016లో సవరణ వెలువడింది. తూర్పు ఆఫ్రికాకు వచ్చిన వలస నిలిచింది, ఖండమంతటికీ అన్న మాట పోయింది.

ప్రతి మార్పిడికి ముందూ తర్వాతా స్థానాల సంఖ్య లెక్కపెట్టండి. జవాబు తెలిసిన నమూనాను ఒకదాన్ని అదే దారిలో పంపి చూడండి. డేటాను బయటపెట్టండి.

చిన్న చిన్నవి

జన్యు పోలికను బట్టి నమూనాలను చుక్కలుగా చూపే పటంలో పాత నమూనాలన్నీ మధ్యకు గుమిగూడితే అది జనసంకరం కాకపోవచ్చు. స్థానాలు తక్కువైన నమూనాలు మధ్యకు కుంగుతాయి. ఆధునిక జనాభాతో అక్షాలు గీసి, వీటిని వాటి మీదికి ప్రక్షేపించాలి.

ఒక శ్మశానవాటిక మరీ ప్రత్యేకంగా విడిపోతే బంధుత్వం చూడండి. అన్నదమ్ముల్లో మంచి డేటా ఉన్నవారిని ఒక్కరినే ఉంచాలి.

మైటోకాండ్రియా ఒకటి, కేంద్రక డీఎన్‌ఏ ఇంకొకటి చెబితే రెండోదాన్నే నమ్మండి. స్పెయిన్‌లోని సీమా దె లోస్ ఊసోస్‌లో దొరికిన సుమారు 4,30,000 ఏళ్ల నాటి మనుషులు మైటోకాండ్రియాలో డెనిసోవన్లకు (నియాండర్తల్‌ల లాగే అంతరించిన ఒక పురాతన మానవ జాతి) దగ్గరగా కనిపించారు. తర్వాత కేంద్రక డీఎన్‌ఏ చదివితే నియాండర్తల్ వంశమని తేలింది.

లక్షణం: ఒకే రోజు, ఎదురెదురు శీర్షికలు

2019 సెప్టెంబరులో రాఖీగఢీ మహిళ గురించిన పరిశోధన పత్రం, 500 మందికి పైగా పురాతన మనుషుల డీఎన్‌ఏతో వచ్చిన మరో పత్రం ఒకేసారి వెలువడ్డాయి. స్టెప్పీ అంటే ఐరోపా-ఆసియా గడ్డి మైదానాలు. ‘స్టెప్పీ వలస లేదని తేలింది’ అని ఒక పత్రిక, ‘వలస రుజువైంది’ అని ఇంకొకటి. చిత్రమేమిటంటే రెండు పత్రాల్లోనూ కొందరు రచయితలు ఒకరే, రెండింటికీ మధ్య వైరుధ్యమూ లేదు.

కారణం తేదీని పట్టించుకోకపోవడం. ఆమె దొరికిన పొర క్రీ.పూ. 2800-2300 నాటిది. స్టెప్పీ పూర్వీకులు దక్షిణాసియాకు చేరింది క్రీ.పూ. 2000-1500 మధ్య అని రెండో పత్రం అంచనా. ముందే చనిపోయిన మనిషిలో తర్వాత వచ్చినవారి వాటా ఎలా ఉంటుంది? పైగా ఆమె ఒక్కరే. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్, ఇరాన్‌లోని షహ్రె సోఖ్తాల్లో దొరికిన 11 మంది జన్యువులు ఆమెతో సరిపోలబట్టి కాస్త బలం చేకూరింది.

వలస జరిగిందా అని అడిగితే, అది జరిగిందనుకునే కాలానికి ముందువీ తర్వాతవీ ఎముకలు రెండూ కావాలి. పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో క్రీ.పూ. 1200-800 నాటి సమాధులు ఆ ‘తర్వాత’ను చూపిస్తాయి, స్టెప్పీ వాటా అక్కడ ఉంది. అయితే అక్కడ అది ఎక్కువగా స్త్రీల ద్వారా వచ్చినట్లు కనిపిస్తుంటే, నేటి దక్షిణాసియాలో ఎక్కువగా పురుషుల ద్వారా వచ్చిన జాడలున్నాయి. అందుకే స్వాత్ లెక్కను గంగా మైదానానికి వర్తింపజేయడం కుదరదు. దానికి అక్కడి ఎముకలే కావాలి.