పిల్లలకి ఏఐ యాప్ ఇచ్చే ముందు మీరే తప్పులు చేసి చూడండి

మా పాపకి ఐదేళ్లు. పోయిన ఏడాది తెలుగు అక్షరాలు నేర్పే యాప్ ఒకటి ఫోన్‌లో వేశాను, పేరు పక్కనే పెద్దగా ఏఐ అని రాసి ఉంది. పది రోజులు ఆడింది, నక్షత్రాలు కుప్పలుగా వచ్చాయి, మేమూ మురిసిపోయాం. ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూస్తే, పిల్లి బొమ్మ వచ్చినప్పుడు పాప నవ్వుకుంటూ కావాలనే "ఏనుగు" అంది. యాప్ "సూపర్!" అని చప్పట్లు కొట్టింది. అంటే అది మాట వినడమే లేదు, మైకులో ఏదో ఒక శబ్దం పడితే చాలు దానికి. ఆ సంగతి పాప మాకంటే ముందే కనిపెట్టేసింది.

అప్పటి నుంచి ఏ యాప్ వేసినా పాప నిద్రపోయాక ముందు నేనే ఒక అరగంట ఆడతాను, అదీ కావాలని తప్పులు చేస్తూ. యాప్ స్టోర్‌లో రేటింగులు, సమీక్షలు చదవడం కన్నా దీనివల్లే ఎక్కువ తెలుస్తుంది.

మొదట మాట. బొమ్మకి వేరే పేరు చెప్పండి, తర్వాత అసలు నోరు మెదపకుండా టీవీ సౌండ్ వినిపించండి. రెండిటికీ మెచ్చుకుందంటే తీసేయండి. దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండేవీ ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లలు "రాముడు"ని "లాముడు" అనడం మామూలే కదా, అలాంటి దానికి కూడా ప్రతిసారీ ఎర్ర గుర్తు పెట్టే యాప్ అయితే నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోరు విప్పడమే మానేస్తుంది. మీ ఇంట్లో ఏ యాసలో మాట్లాడుకుంటారో ఆ యాసలోనే మాట్లాడి చూడండి. విదేశాల్లో పెరిగే మన పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం, వాళ్లు ళ, ణ పలికే తీరే వేరు, అందుకని యాప్‌ని మీ గొంతుతో పరీక్షిస్తే సరిపోదు, ఒక్కసారైనా వాళ్ల గొంతుతోనే వినిపించి చూడాలి.

తర్వాత రాత. అక్షరం దిద్దమన్నప్పుడు వేలితో పిచ్చిగీతలు గీయండి. చుక్కల మీద రంగు నిండితే చాలు పాస్ చేసే యాప్‌లు బోలెడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, తలకట్టు ఎప్పుడు పెట్టాలో చూపించి, తప్పితే మళ్లీ చేయించేదే నిజంగా నేర్పుతుంది.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వరసగా మూడుసార్లు తప్పు జవాబు చెప్పండి. మీ పిల్లల స్థాయిని బట్టి ఏఐ మారుతుందని అందరూ రాసుకుంటారు. మారుతుందో లేదో ఇక్కడ తేలిపోతుంది. మ, య మధ్య తికమకపడుతున్నట్టు నటిస్తే, మంచి యాప్ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తుంది, కాస్త తేలికైన ప్రశ్న ఇస్తుంది, రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే అక్షరం దగ్గరికి తీసుకొస్తుంది. మామూలు యాప్ "మళ్లీ ప్రయత్నించు" అని అదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది, పిల్లలు జవాబుల గడులు మూడూ వరసగా నొక్కి బయటపడతారు. ప ఫ ష, బ భ, ఎ ఏ, డ ద లాంటి జంటల దగ్గర ఏం చేస్తుందో తప్పకుండా చూడండి, మన పిల్లలు ఆగిపోయేది అక్కడే.

అప్పటికప్పుడు కథలు అల్లి బొమ్మలు గీసే యాప్‌లయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కథలో ఆరు చేపలంటుంది, బొమ్మలో ఏడు ఉంటాయి. బొమ్మలోని బోర్డు మీద ఒత్తులు విరిగిపోయి ఉంటాయి. లెక్కపెట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి ఆ తప్పు తప్పని తెలియదు, తానే సరిగా లెక్కపెట్టలేదనుకుంటుంది. కనీసం ఐదు కథలు మీరు పైకి చదవండి. మన ఇళ్లలో ఎవరూ మాట్లాడని అనువాదపు తెలుగు ఉంటే వద్దు, దానికన్నా ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, మనుషులు రాసి, మనుషులు బొమ్మలు వేసిన పుస్తకాలు చాలానే దొరుకుతాయి.

నాకు నచ్చినవి రెండు చెబుతాను. గూగుల్ రీడ్ అలాంగ్ 2019లో బోలో అనే పేరుతో మన దేశంలోనే మొదలైంది, తెలుగు కథలూ ఉన్నాయి. పిల్లలు పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ విని, ఆగిపోయిన చోట సాయం చేస్తుంది. కథలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. అక్షరాలు కాస్త వచ్చిన పిల్లలకే ఇది, మూడేళ్ల వాళ్లకి ఇచ్చి లాభం లేదు. ఖాన్ అకాడమీ కిడ్స్ రెండు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం, ఉచితం, ప్రకటనలు లేవు, కాకపోతే తెలుగు ఉండదు.

ఏది అడిగినా మనిషిలా జవాబిచ్చే చాట్‌బాట్‌ల సంగతి వేరు. చాట్‌జీపీటీ నిబంధనల్లోనే 13 ఏళ్లు నిండాలని ఉంది. చిన్నపిల్లలు దాన్ని మనిషే అనుకుంటారు, అది చెప్పిందల్లా నమ్ముతారు, ఇంట్లో విషయాలన్నీ చెప్పేస్తారు. "ఏనుగుకి తొండం ఎందుకుంది నాన్నా" అని పాప అడిగితే మీరే చాట్‌బాట్‌ని అడిగి, చదివి, సరిగ్గా ఉందనిపించాక మీ మాటల్లో చెప్పండి. మాట్లాడే బొమ్మలకీ ఇదే వర్తిస్తుంది: కేలా అనే మాట్లాడే బొమ్మ రహస్యంగా మాటలు వినే పరికరంగా మారొచ్చని 2017లో జర్మనీ దాన్ని నిషేధించింది.

ఇక ఫోన్ సెట్టింగులు. చదివించే యాప్‌కి మైకు కావాలి, సరే, అది కూడా యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టండి. లొకేషన్, కాంటాక్టులు అడిగితే ఇవ్వకండి, అవి లేకపోతే తెరుచుకోనంటే ఆ యాప్ మనకి అక్కర్లేదు. పిల్లల అసలు పేరు, పుట్టినరోజు, బడి పేరు, ఫోటో పెట్టకండి. 2023లో వచ్చిన మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది, పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించకూడదనీ అంటోంది. చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండలేం, ముందు మన ఫోన్‌ని మనం చూసుకోవాలి. ప్లే స్టోర్‌లో డేటా సేఫ్టీ అనే భాగం చదవండి, కాకపోతే అది యాప్ తయారుచేసిన వాళ్లు తామే రాసుకున్నదని గుర్తుంచుకోండి.

డబ్బు విషయంలో నేను ఒకసారి నష్టపోయాను. ఏడు రోజులు ఉచితం అన్నారు, ఆరో రోజు యాప్ తీసేశాను, ఎనిమిదో రోజు ఏడాది చందా మొత్తం పోయింది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫోటో మీద నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి, యూపీఐ యాప్‌లో ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఆగిందో లేదో కూడా చూడాలి. కొనుగోళ్లకి పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి. మొదటి పేజీలోనే ఫోన్ నంబర్ అడిగేవి వదిలేయండి, తర్వాత కోర్సులు అంటగట్టే కౌన్సెలర్ల ఫోన్లతో టెన్షన్.

సమయం గురించి పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది: రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు. చదువు యాప్ అయినా అది స్క్రీనే. మేం ఇరవై నిమిషాలు ఇస్తాం, వేరే యాప్‌లోకి వెళ్లకుండా ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్ పెట్టేసి. పాఠం అయ్యాక తనంతట తాను ఆగే యాప్ మంచిది. "ఇంకొక్కటి ఆడు, నీ బహుమతి పోతుంది" అని బతిమాలే యాప్ ఉన్న ఇంట్లో ఫోన్ తీసుకునేటప్పుడు రోజూ ఏడుపే.

పది రోజులయ్యాక ఫోన్ పక్కన పెట్టి పరీక్షించండి. యాప్‌లో వచ్చిన అక్షరాన్ని మిఠాయి కొట్టు బోర్డు మీదో, ఆర్టీసీ బస్సు మీదో చూపించి అడగండి. మొదటి యాప్‌లో మా పాప 'క' దాటి నలభై నక్షత్రాలు తెచ్చుకుంది, బస్టాండులో కోఠి బోర్డు చూపిస్తే అందులో 'క' కనిపించలేదు దానికి. యాప్ మార్చి, రోజూ పక్కన కూర్చోవడం మొదలుపెట్టిన మూడో వారంలో బస్సు కిటికీ దగ్గర కూర్చున్నది బయట బోర్డు చూసి ఉన్నట్టుండి "నాన్నా, అది 'మ' కాదు, 'య'" అని అరిచింది.