కొత్త ఏసీ, హీటింగ్ సిస్టమ్ కొనే ముందు ఇంటిని తనిఖీ చేయించడం ఎలా?

పాత యంత్రం మూలన పడింది. వచ్చిన మనిషి దాని ప్లేటు మీది అంకెలు చూసి, ‘‘ఇది మూడు టన్నులు, మళ్లీ మూడే వేద్దాం’’ అంటాడు. పది నిమిషాల్లో బేరం కుదిరిపోతుంది. కానీ ఆ ప్లేటు చెప్పేది యంత్రం సంగతే. ఇంటికి ఎంత కావాలో దాని మీద ఉండదు. ఆ యంత్రం బిగించాక కిటికీలు మారి ఉండొచ్చు, పైన ఇంకో అంతస్తు లేచి ఉండొచ్చు, వరండా మూసేసి గది చేసుకుని ఉండొచ్చు. అసలు ఆ మూడు టన్నులు కూడా అప్పట్లో ఎవరో ఉజ్జాయింపుగా వేసినవే కావచ్చు.

‘‘పోనీ కాస్త పెద్దదే వేస్తే పోలా?’’ అనిపిస్తుంది. పోదు. ఏసీ చేసే పనులు రెండు: గాలిని చల్లబరచడం, తేమను లాగడం. కాయిల్ (గాలిని చల్లబరిచే పైపుల చుట్ట) మీద పేరుకున్న నీరు ధారకట్టి డ్రెయిన్‌లోకి దిగాలంటే యంత్రం కొంతసేపు ఆగకుండా నడవాలి. అవసరానికి మించి పెద్దదైతే ఐదారు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ మీది తడి మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. గది చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ యంత్రం వేగం తగ్గించుకోగలదు కానీ దానికీ ఒక కనిష్ఠ పరిమితి ఉంది. దాని కంటే ఇంటి అవసరం తక్కువైతే అదీ ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది.

1. ముందుగా మీరు చేయాల్సిన పని

గడిచిన 12 నెలల కరెంటు, గ్యాస్ బిల్లులు తీసి పెట్టుకోండి. ఇంటి ప్లాను ఉంటే సరే, లేకపోతే ప్రతి గది పొడవు, వెడల్పు, ఎత్తు కాగితం మీద రాసుకోండి. తేమ కూడా చూపించే చిన్న థర్మామీటరు ఒకటి తెచ్చుకుని ఒక వారం పాటు ప్రతి గదిలో పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పడుకునే ముందు చూసి రాయండి. ‘‘పడమటి గది వేడిగా ఉంటుంది’’ అనే మాట కంటే ‘‘సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు మిగతా గదుల కంటే 4 డిగ్రీలు ఎక్కువ’’ అనే అంకె తనిఖీకి వచ్చినవారికి చాలా ఉపయోగం.

పిలిచేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి: ఉష్ణభారం, అంటే ఇంట్లోంచి తీయాల్సిన లేదా ఇంటికి ఇవ్వాల్సిన వేడి, గదివారీగా లెక్కకడతారా? డక్టులు (గాలిని గదులకు చేర్చే గొట్టాలు) ఉంటే వాటిలో గాలి పీడనం కొలుస్తారా? రెండింటికీ అవునంటే కనీసం గంట, రెండు గంటల పని. పావుగంటలో చూసి వెళ్తామంటే అది తనిఖీ కాదు, కొటేషన్.

2. ఉష్ణభారం లెక్క

టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) వేడిని తీసేసే సామర్థ్యం. వాట్లలో సుమారు 3,500. ‘‘ఇన్ని చదరపు అడుగులకు ఒక టన్ను’’ అనే సూత్రం ఎంత దూరం పోతుందో ఒక గది తీసుకుని చూద్దాం.

పై అంతస్తులో 20 చదరపు మీటర్ల గది. ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) లేని కాంక్రీటు స్లాబు. ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 3 వాట్ల వేడి దాని గుండా దిగుతుంది. ఎండ ప్రభావం కలుపుకుని పైకీ కిందికీ తేడా 30 డిగ్రీలు అనుకుంటే 20 × 3 × 30, అంటే 1,800 వాట్లు. పడమటి వైపు 3 చదరపు మీటర్ల మామూలు అద్దం, చదరపు మీటరుకు 500 వాట్ల చొప్పున 1,500. బయటి గోడలు 20 చదరపు మీటర్లు, ఒక్కో డిగ్రీకి చదరపు మీటరుకు 2 వాట్ల చొప్పున 12 డిగ్రీల తేడాకు 480. ఇద్దరు మనుషులు 200, లైట్లు, టీవీ 250, సందుల్లోంచి చొరబడే గాలి, దాని తేమ 400. మొత్తం 4,630 వాట్లు, అంటే టన్నున్నర యంత్రం.

అదే స్లాబు మీద ఇన్సులేషన్ పరిచి 3 వాట్లను అర వాటుకు తెస్తే 1,800 కాస్తా 300 అవుతుంది. కిటికీకి బయటి వైపు నీడ కట్టి అద్దం వాటాను 500కి దించితే మొత్తం 2,130 వాట్లకు దిగుతుంది. ముప్పావు టన్ను చాలు. గది అదే, చదరపు అడుగులు అవే, యంత్రం మాత్రం సగం. కర్టెన్ లోపల వేస్తే ఇంత ఫలితం రాదు. అద్దం దాటి వచ్చాక ఎండలో చాలా భాగం గదిలో వేడిగానే మిగులుతుంది.

అందుకే స్లాబు పైన ఏముంది, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, అద్దం ఒక పొరా రెండు పొరలా అన్నవి చూడకుండా సైజు చెప్పేవారి మాట నమ్మకండి. బ్లోయర్ డోర్ పరీక్ష చేయగలిగితే ఇంకా మంచిది. తలుపుకు ఫ్యాను బిగించి ఇంటికీ బయటికీ గాలి పీడనంలో 50 పాస్కల్స్ (పాస్కల్ పీడనానికి కొలత) తేడా సృష్టిస్తే గాలి ఎక్కడెక్కడ చొరబడుతోందో చేయి పెడితే తెలిసిపోతుంది.

హీటింగ్‌కు లెక్క వేరు. అందులో ఎండనూ మనుషులనూ కలపరు, చలి బాగా ఉన్న రాత్రినే కొలమానంగా పెట్టుకుంటారు. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే, ఏసీ లాంటి యంత్రం) అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కరపత్రంలో రాసే సామర్థ్యం సాధారణంగా బయట 7, 8 డిగ్రీలు ఉన్నప్పటిది. చలి పెరిగే కొద్దీ ఇంటికి వేడి ఎక్కువ కావాలి, యంత్రం ఇచ్చేది తగ్గుతుంది. మీ దగ్గర బాగా చలి ఉండే రోజు ఉష్ణోగ్రతకు అది ఎంత ఇస్తుందో పట్టికలో చూపించమనండి.

3. డక్టులు, గాలి

డక్టులు లేని స్ప్లిట్ ఏసీ అయితే ఈ భాగం వదిలేయొచ్చు. డక్టులు ఉన్న ఇళ్లలో మాత్రం సగం జబ్బులు ఇక్కడే ఉంటాయి. అవి యంత్రం మారిస్తే పోయేవి కావు.

ఒక్కో టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, తేమ ఎక్కువున్న చోట 350. చాలా ఇళ్ల బ్లోయర్లు (గాలిని డక్టుల్లోకి తోసే ఫ్యాన్లు) మొత్తం 125 పాస్కల్స్ పీడనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. పరీక్ష చిన్నదే. గాలి యంత్రంలోకి పోయే వైపు (రిటర్న్) ఫిల్టర్ దాటాక ఒక చిన్న రంధ్రం, బయటికి వచ్చే వైపు (సప్లై) ఇంకొకటి. రెండు చోట్లా కొలిచి మైనస్ గుర్తు పట్టించుకోకుండా కూడాలి. రిటర్న్ వైపు 140, సప్లై వైపు 60 వచ్చాయనుకోండి, మొత్తం 200. యంత్రానికి ఊపిరాడటం లేదు, ఆ ఊపిరి పట్టేసింది రిటర్న్ వైపే అని ఆ రెండంకెలే చెప్పేస్తాయి. ఇలాంటి ఇంట్లో కొత్త యంత్రం పెడితే వేసవిలో కాయిల్ మీద ఐసు కడుతుంది, చలికాలంలో ఫర్నేస్ (మంటతో గాలిని వేడి చేసే యంత్రం) మితిమీరి వేడెక్కి, దాన్ని ఆపేసే లిమిట్ స్విచ్ పడిపోతుంది. ‘‘కొత్తది కూడా పాడైంది’’ అనే ఫిర్యాదుల్లో ఇలాంటివి తక్కువేం కాదు. మందు: రెండో రిటర్న్ దారి తెరవడం, ఫిల్టర్ వైశాల్యం పెంచడం.

తర్వాత పడక గది తలుపులు. ఫ్యాను నడుస్తుండగా ఒక్కో తలుపు మూసి గదికీ హాలుకూ పీడనం తేడా చూస్తారు. 3 పాస్కల్స్ దాటితే ఆ గదిలోకి పోయిన గాలికి తిరిగి వచ్చే దారి లేదన్నమాట. తలుపు కింద సందు పెంచడమో, పైన జాలీ పెట్టడమో చేస్తే సరిపోతుంది.

డక్టు లీకులకు అగరబత్తి పొగ పట్టి చూడటం మొదటి మెట్టు, 25 పాస్కల్స్ దగ్గర డక్టు పరీక్ష రెండోది. డక్టులు అటకలోంచి పోతుంటే అటక లోపలికి వెళ్లి చూడకుండా తనిఖీ అయిపోయిందనుకోవద్దు. అతుకులకు మాస్టిక్ (సందులు మూసే చిక్కటి లేపనం) పూయాలి. గుడ్డ డక్ట్ టేపు వేడికి ఎండి ఊడిపోతుంది. పేరులోనే డక్టు ఉన్న ఆ టేపు డక్టులకే పనికిరాదని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరీక్షల్లో 1990ల చివర్లోనే తేలింది.

4. మంట ఉన్న యంత్రాలు ఉంటే

గ్యాస్ ఫర్నేస్, గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో ఈ పరీక్ష తప్పనిసరి. తలుపులు, కిటికీలు మూసి, వంటింటి, బాత్రూముల ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా వేసి, అప్పుడు బర్నర్ వెలిగిస్తారు. పొగ గొట్టం దగ్గర పొగ బయటికి లాగుతోందా, వెనక్కి తన్నుతోందా చూస్తారు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో మీటరుతో కొలుస్తారు. దానికి రంగూ వాసనా ఉండవు కాబట్టి కంటితో చూసి బాగానే ఉందనడం కుదరదు.

తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. కొన్ని ఇళ్లలో ఫర్నేస్, గీజరు ఒకే చిమ్నీలోకి పొగ వదులుతుంటాయి. కొత్త ఫర్నేస్ గోడలోంచి సొంత గొట్టం పెట్టుకుని బయటికి వెళ్లిపోతే పెద్ద చిమ్నీలో గీజరు ఒంటరిగా మిగిలిపోతుంది. దాని కొద్దిపాటి వేడి అంత గొట్టాన్ని వెచ్చబరచలేదు, పొగ పైకి లాగదు, ఇంట్లోకి మళ్లుతుంది. ఫర్నేస్ మార్చేటప్పుడే చిమ్నీ లోపల సన్నని లైనర్ (లోపలి గొట్టం) వేయించుకోవాలి.

5. కరెంటు, పైపులు, బయటి యూనిట్

వోల్టేజి కంప్రెసర్ నడుస్తున్నప్పుడు కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. వైరు మందం, బ్రేకరు కొత్త యంత్రం ప్లేటుకు సరిపోవాలి. గ్యాస్ నుంచి హీట్ పంప్‌కు మారుతుంటే మెయిన్ బోర్డు ఆ బరువు మోస్తుందో లేదో కూడా చూడాలి.

పాత యంత్రంలో చల్లబరిచే గ్యాస్ ఆర్-22 రకం అయితే పైపులను అలాగే వాడేద్దామంటే ఒప్పుకోకండి. ఆర్-410ఏ, ఆర్-32 వంటి కొత్త గ్యాస్‌లు దాని కంటే ఒకటిన్నర రెట్లకు పైగా పీడనంతో నడుస్తాయి, నూనె కూడా వేరు. పాత మినరల్ ఆయిల్ లోపల మిగిలితే కంప్రెసర్‌కు చేటు. పైపు మందం సరిపోతుందని, లోపల పూర్తిగా శుభ్రం చేశారని తేలితేనే ఉంచుకోవాలి. డ్రెయిన్ పైపుకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉందా అన్నది కూడా అప్పుడే చూసేయొచ్చు. బయటి యూనిట్ వదిలే వేడి గాలి ఎదురు గోడకు తగిలి దానిలోకే తిరిగి వస్తుంటే ఎంత మంచి యంత్రమైనా ఆయాసపడుతుంది. చోటు మార్చే మాట ఉంటే అది పైపు పొడవును, దానితో పాటు యంత్రంలో నింపే చల్లబరిచే గ్యాస్ పరిమాణాన్ని మారుస్తుంది కనుక కొనక ముందే తేల్చుకోవాలి.

6. రిపోర్టు అందాక

గదివారీ వాట్లు, రెండు వైపుల పీడనం, డక్టు లీకు, వోల్టేజి, పొగ పరీక్ష ఫలితం కాగితం మీద అంకెల్లో ఉండాలి. ‘‘బాగుంది’’, ‘‘పర్వాలేదు’’ అని రాస్తే తిప్పి ఇవ్వండి.

ఆ తర్వాత వరస ముఖ్యం. ముందు లీకులు మూయించండి, ఇన్సులేషన్, నీడ పనులు చేయించండి, రిటర్న్ దారి సరిచేయించండి. అప్పుడు లెక్క మళ్లీ వేయించి యంత్రం ఆర్డరివ్వండి. ఎండాకాలం నడిమధ్యలో యంత్రం చచ్చిపోతే ఇంత ఓపిక ఉండదు, నిజమే. కనీసం ఉష్ణభారం, పీడనం ఆ రోజే చూపించుకోండి. మిగతావి తర్వాత చేయించాలనుకుంటే, అవి పూర్తయ్యాక ఉండబోయే భారానికి సరిపడా యంత్రమే తీసుకుని మొదటి వేసవి కాస్త సర్దుకోవడం మేలు.

కొత్తది బిగించిన రోజు అవే రంధ్రాల్లో పీడనం మళ్లీ కొలిపించండి. పావుగంట నడిచాక లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా చూడమనండి. కూలింగ్‌లో మామూలు తేమ ఉన్నప్పుడు అది 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ అంకెలను తేదీతో సహా యంత్రం తలుపు లోపలి వైపు అంటించి ఉంచితే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనితో పోల్చాలో వెతుక్కోనక్కర్లేదు.