కనుమ నాడు గొడ్లను ఎలా ముస్తాబు చేయాలి?

మా ఒంగోలు వైపు పల్లెల్లో కనుమ గొడ్ల పండుగ. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టం. ట్రాక్టర్లు వచ్చాక చాలా కొట్టాలు ఖాళీ అయ్యాయి కానీ, ఒక్క పాడావు ఉన్న ఇంట్లో కూడా ఈ పండుగ నిండుగా చేసుకోవచ్చు.

సంక్రాంతి సాయంత్రమే పని మొదలుపెట్టండి. కొట్టంలో పేడ ఎత్తేసి, ఎండు వరిగడ్డి పరవండి. కొత్త పలుపు కట్టాలనుకుంటే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున చేతులతో బాగా నలపండి. లేకపోతే ఆ గరుకుకి మెడ ఒరుసుకుపోతుంది.

తెల్లవారుజామునే కడగాలని హడావుడి పడకండి. జనవరి మంచులో చన్నీళ్లు పోస్తే దూడలు వణికిపోతాయి. ఎండ బాగా వచ్చాక, ముందు కాళ్ల మీద నీళ్లు పోసి, తర్వాత వీపు మీదికి రండి. అప్పుడు బెదరవు. వరిగడ్డిని చుట్టగా చుట్టి రుద్దండి. గంగడోలు ముడతల్లో, తోక మొదట్లో, చెవుల వెనక పిడుదులు దాక్కుంటాయి, చేత్తో తడిమి ఏరేయాలి. చెవుల్లోకి నీళ్లు పోనివ్వద్దు. ఒంగోలు జాతి అయితే ఈ పనికి ఇంకాస్త ఓపిక కావాలి, ఆ తెల్లటి ఒంటి మీద పేడ మరక ఊరికే పోదు. కానీ ఒళ్లు ఆరాక, ఎండలో ఆ మూపురం మెరుస్తుంటే చూసి తీరాలి! సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్లిన ఈ జాతిని అక్కడ నెల్లూరు పేరు మీదే 'నెలోర్' అంటారు.

కొమ్ములకు రంగు వేసే ముందు పాత రంగును గాజుపెంకుతోనో బ్లేడుతోనో గీకే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. కొమ్ము లోపల నెత్తురు తిరిగే ఎముక ఉంటుంది, మొదట్లో గీరితే నొప్పి పుడుతుంది. నాకైతే రంగు కంటే పసుపు కలిపిన నూనె రాసిన కొమ్ములే అందంగా అనిపిస్తాయి. నుదుట పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ, మువ్వల పట్టెడ చాలు. బెలూన్లు, ప్లాస్టిక్ తోరణాలు కట్టొద్దు. పక్క గొడ్డు నమిలి మింగేస్తుంది.

పొంగలి దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చిన్నప్పుడు నేను ప్రేమ కొద్దీ మా ఎద్దుకు గిన్నెడు పొంగలి పెట్టేశాను. సాయంత్రానికి దాని పొట్ట ఉబ్బిపోయింది. డాక్టర్ వచ్చి మందు తాగించేదాకా ఇంట్లో ఎవ్వరికీ ముద్ద దిగలేదు. అన్నం, బెల్లం ఒకేసారి ఎక్కువ తింటే గొడ్డు పొట్టలో పులిసిపోతాయి. అరటాకులో ఒక్క పిడికెడు పెట్టండి, కడుపు నిండా మాత్రం పచ్చిగడ్డో జొన్నచొప్పో వేయండి.

హారతి ఇచ్చాక, పిల్లల చేత వాటి మెడ నిమిరించండి. టపాకాయలు అటువైపు కాల్చనివ్వద్దు. మా ఇంట్లో గొడ్లు మేత మొదలుపెట్టాకే మినప గారెల మూకుడు పొయ్యి మీదికి ఎక్కుతుంది.

దీపాలు పెట్టే వేళకు దండలు, దారాలు అన్నీ విప్పేసి, కుడితి పెట్టి కట్టేయండి.