పడవ కొనే ముందు – 3వ పాఠం: ఫైబర్‌గ్లాస్ లోపల ఏముంది?

పడవ పొడవు, ఇంజన్ బలం ఎలా తేల్చుకోవాలో గత పాఠంలో చూశాం. ఈసారి కంటికి కనపడని భాగం. అట్లాంటా పక్కన లేక్ లేనియర్ లాంటి సరస్సుల్లో వారాంతాల్లో తిరగడానికి సెకండ్ హ్యాండ్ పడవ వెతుకుతున్న మనవాళ్లు ఈ పాఠాన్ని తొందరపడకుండా చదవండి.

ఫైబర్‌గ్లాస్ పడవ అనగానే మొత్తం ఫైబర్‌గ్లాసే అనుకుంటాం. కానీ పాత పడవల్లో చాలావాటికి లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ తగిలించే వెనక గోడ, అంటే ట్రాన్సమ్. అడుగున పొడవునా సాగే దూలాలు, అంటే స్ట్రింగర్లు. మనం కాలు పెట్టే డెక్. చూడాల్సింది ముఖ్యంగా ఈ మూడు చోట్లే.

పైన ఫైబర్‌గ్లాస్ పొర గట్టిగా ఉన్నంతకాలం ఆ చెక్కకు ఏమీ కాదు. చిక్కంతా రంధ్రాలతోనే. ఇంజన్ బోల్టుల దగ్గర, లోపలి నీరు వదిలే డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, ఎప్పుడో ఎవరో ఫిష్ ఫైండర్ (చేపల జాడ చూపే పరికరం) కోసం బిగించిన చిన్న స్క్రూ దగ్గర సీలెంట్ ఎండి పగులుతుంది. అక్కడినుంచి నీరు లోపలికి దిగుతుంది, మళ్లీ ఆరే దారి ఉండదు. తడికి కాస్త గాలి తోడైతే శిలీంధ్రం చెక్కను తినేస్తుంది. బయట జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పై పూత) మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ట్రాన్సమ్ చివికితే ఇంజన్ బరువును మోసేది ఏమీ ఉండదు. బాగుచేయిస్తే ఖర్చు పాత పడవ ధరను దాటిపోవచ్చు.

అందుకే చెక్క లేని పడవ కోసం వెతకడం మంచి నిర్ణయమే. అయితే "చెక్క లేదు" అని అమ్మేవాళ్లు చెప్తే అక్కడితో ఆగకండి. "మరి దాని బదులు ఏం పెట్టారు?" అని అడగండి. గాజు నార కలిపిన గట్టి పాలియురేతేన్ ఫోమ్ బోర్డా (కూసా బోర్డు ఈ రకమే), పీవీసీ ఫోమా, తేనెపట్టు గదుల్లా ఉండే ప్లాస్టిక్ హనీకూంబా? ట్రాన్సమ్‌లో గట్టి బోర్డు ఉండాలి. తేలిక ఫోమ్ డెక్‌కు సరిపోతుందేమో గానీ, ఇంజన్ బోల్టులు బిగిస్తే నలిగిపోతుంది.

కంపెనీ పేరు చూసి నమ్మేయడం కూడా సరికాదు. బోస్టన్ వేలర్ 1958లో వచ్చింది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఫోమ్ నింపి కట్టిన పడవ అది. నీళ్లలో రంపంతో రెండు ముక్కలు చేసినా తేలిందని 1961లో లైఫ్ పత్రిక ఫోటోలతో చూపించింది. అంత పేరున్న ఈ పడవల్లో కూడా, పాత మోడళ్లలో స్క్రూలు పట్టు నిలవడానికి ఫోమ్ మధ్యలో అక్కడక్కడ ప్లైవుడ్ ముక్కలు పెట్టారు. స్క్రూలకు ఫోమ్‌లో పట్టు చాలదు మరి. కాబట్టి క్లీట్లు (తాళ్లు కట్టే కొమ్ములు), రెయిలింగ్ బిగించిన చోట లోపల అల్యూమినియం ప్లేటు గానీ, బోల్టు వెనక గట్టి పలక గానీ ఉందో లేదో అడగాలి.

ఫోమ్ కుళ్లదు. కానీ ఏళ్ల తరబడి తడిలో నానితే నీరు పట్టేస్తుంది. లీటరు నీరంటే కిలో బరువు. వంద లీటర్లు పడితే మరో వంద కిలోల బరువు మోసుకుంటూ పడవ నడవాలి. ట్రైలర్‌తో సహా ట్రక్ స్టాప్ కాటా మీద తూకం వేయించండి. అందులోంచి ట్రైలర్, ఇంజన్, పెట్రోలు, సామాను బరువులు తీసేసి, కంపెనీ చెప్పిన ఖాళీ పడవ బరువుతో పోల్చండి. తేడా బాగా ఎక్కువుంటే ఆ పడవను వదిలేయడమే మేలు.

ఇక ఈ వారం అభ్యాసం. కొనే ఆలోచన లేకపోయినా సరే, ఒక పాత పడవ చూసి రండి. ప్లాస్టిక్ సుత్తితో డెక్‌ను, ట్రాన్సమ్‌ను మెల్లగా కొడుతూ వెళ్లండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటామే, అలాగే: ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే అనుమానించాలి. తర్వాత అమ్మేవాళ్ల అనుమతితో ఔట్‌బోర్డ్ (ట్రాన్సమ్‌కు బయట తగిలించే) ఇంజన్‌ను కొంచెం పైకి లేపి, కింది భాగాన్ని పట్టుకుని మెల్లగా ఊపుతూ ట్రాన్సమ్‌ను చూడండి. అది కదిలినా, మూలల్లో పగుళ్లు తెరుచుకున్నా బేరం ఆడొద్దు. స్క్రూ రంధ్రం నుంచి గోధుమరంగు నీరు కారితే లోపల చెక్క చివుకుతోందని బలంగా అనుమానించాలి.

వెనక కుడివైపు అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే హల్ నంబర్ (పడవ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. 1984 తర్వాతి పడవల్లో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ఆ నంబర్ రాసుకుని, ఆ ఏడాది ఆ మోడల్‌లో ట్రాన్సమ్, స్ట్రింగర్లు, డెక్ దేనితో చేశారో కంపెనీకి రాసి అడగండి. వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందా అన్నది కూడా అదే ఉత్తరంలో అడిగేయండి. జవాబు వచ్చాక దాన్ని దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో మెరైన్ సర్వేయర్‌ను (పడవను తనిఖీ చేసే నిపుణుణ్ని) పిలిచేటప్పుడు అది కావాలి.