చిన్న లేత్‌కు త్రీఫేజ్ మోటార్, డీఆర్ఓ (కొలతలు అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్) బిగించుకోవడం ఎలా?

ఇంట్లో, షెడ్డులో పెట్టుకునే చిన్న మెటల్ లేత్‌లకు ఎక్కువగా బ్రష్‌లున్న డీసీ మోటారే వస్తుంది. స్పీడ్ తగ్గించి ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్ మీద కాస్త లోతుగా కట్ పెడితే అది మొరాయిస్తుంది. రాడ్‌ను పట్టి తిప్పే చక్ ఆగిపోయినా కరెంట్ మాత్రం పారుతూనే ఉండడంతో కంట్రోల్ బోర్డు కాలిపోతుంది. బోర్డు మార్చుకుంటూ పోవడం కంటే ఒకేసారి త్రీఫేజ్ మోటార్, దాని స్పీడ్‌ను మార్చే వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) పెట్టుకోవడం మంచిది. అయితే ఈ పని సగం సగం చేసి "వీఎఫ్‌డీ పెట్టినా బలం రాలేదు" అని చెప్పేవాళ్లే మా వరంగల్ వైపు ఎక్కువగా కనిపిస్తున్నారు. తప్పు దాదాపు ప్రతిసారీ ఒకే చోట, మోటార్ టెర్మినల్ బాక్సులో ఉంటుంది.

ముందు సామాను. 1 హెచ్‌పీ (0.75 కిలోవాట్), 4 పోల్, 1440 ఆర్‌పీఎం ఫుట్ మౌంటెడ్ మోటార్. 0.75 కిలోవాట్ వీఎఫ్‌డీ, లోపలికి సింగిల్ ఫేజ్ 230 వోల్టులు, బయటికి త్రీఫేజ్ 230 వోల్టులు ఇచ్చే రకం. షీల్డ్ ఉన్న నాలుగు కోర్ల కేబుల్, రెండు పుష్ బటన్లు, ఒక ఎమర్జెన్సీ స్టాప్, 16 ఆంప్ సాకెట్, సరైన ఎర్త్. మీటర్, ఆలెన్ కీలు ఎలాగూ ఉంటాయి. 1 హెచ్‌పీ దాటి పోవద్దు. చిన్న లేత్ బెడ్ అంతకు మించిన బలాన్ని మోయలేదు, కట్‌లో అదురు తప్ప లాభం ఉండదు.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) నుంచి దిగిన పాత మోటార్లు తక్కువ ధరకు దొరుకుతాయి. గట్టివే, కానీ వాటిలో చాలా వరకు 960 ఆర్‌పీఎంవి. అదే హెచ్‌పీకి బాడీ పెద్దగా, బరువుగా ఉంటుంది. పైగా ఎన్నిసార్లు రీవైండింగ్ అయ్యాయో నేమ్‌ప్లేట్ చెప్పదు. కొనాలనుకుంటే మూత తీసి ఎన్ని వైర్లు బయటికి వచ్చాయో చూశాకే బేరం మాట్లాడండి.

కుట్టు మిషన్ల సర్వో మోటార్ చాలు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. చౌకే, చిన్నదే. కానీ అది వేగంగా తిరిగినప్పుడే బలం చూపిస్తుంది. థ్రెడింగ్‌కు (మరలు కోయడానికి) కావలసిన నెమ్మది వేగం రావాలంటే పెద్ద పుల్లీలు కట్టాలి, వాటికి చిన్న లేత్ వెనక చోటు ఉండదు. ఇత్తడి, అల్యూమినియం మాత్రమే చేసుకునేవాళ్లకు సరే. ఉక్కు కోసేవాళ్లు త్రీఫేజే పెట్టుకోవాలి.

బిగింపు తేలికే. మోటార్‌ను లేత్ వెనక 10 ఎంఎం ప్లేట్ మీద, ఒక వైపు హింజ్ పెట్టి కూర్చోబెట్టండి. బెల్ట్ టెన్షన్ ఆ హింజ్‌తోనే సరిచేసుకోవచ్చు. మోటార్ పుల్లీ 60 ఎంఎం, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) పుల్లీ 120 ఎంఎం పెడితే 50 హెర్ట్జ్ దగ్గర స్పిండిల్ సుమారు 720 ఆర్‌పీఎం తిరుగుతుంది. రెండు పుల్లీలూ ఒకే గీతలో ఉన్నాయా అని స్టీల్ రూల్ ఆనించి చూడండి.

ఇక అసలు పని. ఇక్కడ తొందర పడొద్దు.

మన దగ్గర దొరికే 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో (మూడు వైండింగ్‌ల ఒక్కో కొసను ఒకే చోట ముడేసి) కట్టి వస్తాయి. మన వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టులే. స్టార్‌లోనే వదిలేసి కలిపితే మోటార్ తిరుగుతుంది, ఖాళీగా ఎంతో నున్నగా తిరుగుతుంది. మోసం అక్కడే ఉంది. కావలసిన వోల్టేజీలో సుమారు 55 శాతమే అందుతుంది. టార్క్ (తిప్పే బలం) వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది కాబట్టి చేతికి వచ్చే బలం మూడో వంతు కూడా ఉండదు. టూల్ ఆనగానే చక్ ఆగిపోతుంది. అప్పుడు వీఎఫ్‌డీని తిట్టి, దాన్ని అమ్మేసి ఇంకా పెద్దది కొంటారు. అదీ అలాగే ఆగుతుంది.

చేయాల్సింది మోటార్‌ను డెల్టాలోకి, అంటే మూడు వైండింగ్‌లను త్రిభుజంలా కొసకు కొస కలిపే కనెక్షన్‌లోకి మార్చడం. నేమ్‌ప్లేట్ మీద 230/415 అని, పక్కన త్రిభుజం, వై గుర్తులు ఉంటే మార్చవచ్చు. 415 పక్కన త్రిభుజం మాత్రమే ఉంటే ఆ మోటార్ ఈ వీఎఫ్‌డీకి పనికిరాదు, వదిలేయండి. మార్చగలిగిన మోటార్‌లో మూత తీస్తే రెండు వరుసల్లో ఆరు స్టడ్‌లు కనిపిస్తాయి. కింది వరుసలో యు1, వి1, డబ్ల్యు1. పై వరుసలో డబ్ల్యు2, యు2, వి2. స్టార్‌లో ఉంటే పై మూడింటినీ ఇత్తడి పట్టీలు అడ్డంగా కలిపి ఉంటాయి. ఆ పట్టీలు ఊడదీసి మూడింటినీ నిలువుగా పెట్టాలి: యు1కు డబ్ల్యు2, వి1కు యు2, డబ్ల్యు1కు వి2. పై వరుస యు, వి, డబ్ల్యు అనే క్రమంలో ఉండదు, ఒక స్థానం జరిగి ఉంటుంది. పొరపాటున ఎవరో దాన్ని "సరిచేసి" ఉంటే పట్టీ నిలువుగా పెట్టినా అదే వైండింగ్ రెండు కొసలు కలిసిపోతాయి. అందుకే రాతను నమ్మకుండా మీటర్‌తో చూడండి. పట్టీలన్నీ తీశాక యు1–యు2, వి1–వి2, డబ్ల్యు1–డబ్ల్యు2 జతల మధ్య మాత్రమే కంటిన్యుటీ రావాలి, మూడు జతల రెసిస్టెన్స్ ఒకేలా ఉండాలి. జతకూ జతకూ మధ్య అసలు రాకూడదు. పాత మోటార్లలో ఇవే ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఉండవచ్చు.

బాక్సులో మూడే వైర్లు ఉంటే స్టార్ ముడి వైండింగ్ లోపలే కట్టి ఉందన్నమాట. ఇది ఇంట్లో విప్పే పని కాదు. బోరు మోటార్ల పుణ్యమా అని మా వైపు మండలానికో వైండింగ్ దుకాణం ఉంది. అక్కడ ఆ ముడి విప్పించి, మూడు కొసలు బయటికి తీయించి, ప్రతి కొసకూ పేరు కట్టించుకోండి. ఒక్క వైండింగ్ కొసలు తారుమారైనా మోటార్ గుర్రుమంటుంది, మూడు ఫేజుల కరెంట్ సమానంగా రాదు, వీఎఫ్‌డీ ట్రిప్ అవుతుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టించాలనుకుంటే వీఎఫ్‌డీ వైర్లు తీసేశాకే పెట్టించండి. మెగ్గర్ 500 వోల్టులు వీఎఫ్‌డీలోకి వెళ్తే అది పోయినట్టే.

డెల్టాలోకి మార్చాక రేటెడ్ కరెంట్ కూడా మారుతుంది. స్టార్‌లో 1.8 ఆంప్‌లు ఉన్నది డెల్టాలో సుమారు 3.1 అవుతుంది. వీఎఫ్‌డీలో మోటార్ కరెంట్‌గా ఈ పెద్ద అంకెనే ఎక్కించాలి. బేస్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, వోల్టేజీ 230, స్పీడ్ అందుకోవడానికి 3 సెకన్లు, ఆగడానికి 4 సెకన్లు పెట్టండి.

వీఎఫ్‌డీకీ మోటార్‌కూ మధ్య ఏ స్విచ్చూ పెట్టకూడదు. తిరుగుతున్నప్పుడు ఆ వైరు తెగితే డ్రైవ్ దెబ్బతింటుంది. స్టార్ట్, స్టాప్ బటన్లు కంట్రోల్ టెర్మినల్స్‌కే కలపాలి, అదీ నొక్కి వదిలే రకంవి. టాగుల్ స్విచ్ పెడితే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు, మీరు జాబ్ (కోసే ముక్క) మీద చేయి పెట్టి ఉండగానే చక్ తిరగడం మొదలుపెట్టవచ్చు. మన కరెంటు సంగతి తెలిసిందే కదా. ఆటో రీస్టార్ట్ పారామీటర్‌ను కూడా ఆఫ్ చేసి, మెయిన్ ఆపి మళ్లీ వేసి చూసుకోండి. చక్ కదలకూడదు.

చక్ వెనక్కి తిరిగితే బయటికి వెళ్లే మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చండి. మెయిన్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది కాబట్టి కనీసం 10 నిమిషాలు ఆగి మూత తీయండి. ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంట్ వస్తే ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతోందని ఎర్త్ తీసేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చక్ స్పిండిల్‌కు మరలతో ఎక్కే రకమైతే రివర్స్‌ను వాడొద్దు, తిరుగుతూనే ఊడి వస్తుంది. 20 హెర్ట్జ్ కంటే కిందికి ఎక్కువసేపు నడపొద్దు. మోటార్ ఫ్యాన్ కూడా నెమ్మదించి వైండింగ్ వేడెక్కుతుంది. నెమ్మది కావాలంటే పుల్లీ మార్చండి.

కొలతల సామాను మోటార్ పని అయ్యాకే పెట్టాలి, ముందు కాదు. వీఎఫ్‌డీ పుట్టించే నాయిస్‌కు డీఆర్ఓ అంకెలు వాటంతట అవే గంతులేస్తాయి. మోటార్ కేబుల్ షీల్డ్‌ను ఎర్త్ చేసి, డీఆర్ఓ స్కేల్ (కదలికను కొలిచే పట్టీ) వైర్లను దానికి దూరంగా నడిపితే ఆ గోల ఉండదు. రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

స్కేల్ కొనేముందు క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) జిబ్ (దాని వదులు తీసే పట్టీ) బిగించండి. స్లైడ్ ఊగుతుంటే 5 మైక్రాన్ల స్కేల్ ఆ ఊగుడునే 5 మైక్రాన్లలో చూపిస్తుంది. క్రాస్ స్లైడ్‌కు సన్నగా ఉండే మాగ్నెటిక్ స్కేల్, బెడ్ వెనక గ్లాస్ స్కేల్ పెట్టుకోండి. గ్లాస్ స్కేల్ రబ్బరు పెదవి కిందికి ఉండాలి, లేకపోతే చిప్స్ లోపలికి పోతాయి. స్కేల్ వంకరగా ఉంటే కొలత తప్పుతుందని భయపడతారు కానీ, 300 ఎంఎం పొడవుకు 1 ఎంఎం వంకర వల్ల వచ్చే తప్పు 2 మైక్రాన్లు కూడా ఉండదు. అసలు నష్టం రీడర్ హెడ్ (స్కేల్ మీద జరుగుతూ కొలత చదివే భాగం) రాసుకుపోవడం వల్ల జరుగుతుంది. మాగ్నెటిక్ బేస్ మీద 0.01 ఎంఎం డయల్ గేజ్ పెట్టి, స్కేల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి, తేడా 0.1 ఎంఎం లోపు వచ్చేదాకా షిమ్‌లు (సన్నని రేకులు) పెట్టండి.

తర్వాత క్రాస్ స్లైడ్‌ను వెనక్కి ముందుకి కాకుండా ఒకే దిశలో 10 ఎంఎం జరిపి, డయల్ గేజ్‌తో డీఆర్ఓను సరిచూడండి. ఎక్స్ యాక్సిస్‌ను (క్రాస్ స్లైడ్ కొలతను) డయామీటర్ మోడ్‌లో పెట్టండి. టూల్ 0.1 ఎంఎం లోపలికి పోతే జాబ్ 0.2 ఎంఎం సన్నబడుతుంది, ఆ లెక్క మిషనే చేయాలి. చివరగా 25 ఎంఎం రాడ్‌ను టెయిల్‌స్టాక్ (రెండో కొసకు ఆనించే భాగం) లేకుండా పట్టి, సన్నని కట్ వేసి, మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ అంకెనే డీఆర్ఓలో ఎక్కించండి. వీఎఫ్‌డీ పారామీటర్లన్నీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ మూత లోపల అతికించండి.