ఎర్లీ గడువుకి ముందే ఎయిడ్ ఫైలు: విశాఖ కుటుంబాల కోసం

నవంబర్ 1 గడువుకి (మామూలు గడువు కంటే ముందుది, దీన్నే ఎర్లీ అంటారు) అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేసే పిల్లలు వ్యాసాల మీద నెలల తరబడి కూర్చుంటారు. ఎయిడ్, అంటే ఆర్థిక సాయం అడిగే డబ్బు ఫారం మాత్రం చివరి రెండు రాత్రుల్లో పూర్తిచేస్తారు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్, హాస్టల్, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టూ అవుతోంది. ఆ భారం మోసేది స్కాలర్‌షిప్పే అయినప్పుడు ముందు సిద్ధం కావలసింది డబ్బు ఫైలే.

మొదట ఇంట్లో అందరూ కూర్చుని ఒక అంకె తేల్చుకోండి: అప్పు చేయకుండా, పొలం అమ్మకుండా ఏడాదికి ఎంత పెట్టగలం? రెండు లక్షలా, ఐదా, పన్నెండా? ఎక్కడికి అప్లై చేయాలో ఆ అంకే చెబుతుంది.

విదేశీ విద్యార్థి సాయం అడిగినా సీటు నిర్ణయంలో ఆ విషయం చూడని యూనివర్సిటీలు కొన్నే. వీటిని నీడ్ బ్లైండ్ అంటారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్, బౌడిన్, బ్రౌన్, నోటర్ డామ్ ఈ కోవలోవి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, డ్యూక్ వంటివి నీడ్ అవేర్. సీటిస్తే పూర్తి అవసరం, అంటే ఖర్చులో కుటుంబం కట్టలేని భాగమంతా తీరుస్తాయి గానీ, ఎంత అడుగుతున్నారన్నది సీటు నిర్ణయంలో లెక్కలోకి వస్తుంది. హార్వర్డ్, ఎం.ఐ.టి. లాంటి చోట ఏడాది ఆదాయం లక్ష డాలర్ల లోపు, ఆస్తులు మామూలుగా ఉన్న కుటుంబం ఏమీ కట్టనక్కర్లేదు. డాలరు 88 రూపాయలనుకుంటే అది 88 లక్షలు. విశాఖలో జీతం మీద బతికే ఇళ్లలో చాలా భాగం ఆ గీత కిందే ఉంటాయి. కాబట్టి భయపడాల్సింది ఫీజు చూసి కాదు, సీటు దొరకడం ఎంత కష్టమో చూసి.

ఎర్లీలో రకాలున్నాయి. ఎర్లీ డెసిషన్‌కి విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. సీటొస్తే చేరి తీరాలి. ఇచ్చిన ఎయిడ్‌తో చదవడం వీలుకాకపోతే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చని నియమాల్లోనే ఉంది, కానీ మిగతా కాలేజీల ఆఫర్లతో పోల్చుకునే అవకాశం పోతుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లది రెస్ట్రిక్టివ్ ఎర్లీ యాక్షన్. సీటొచ్చినా కట్టుబడనక్కర్లేదు గానీ మరో ప్రైవేటు యూనివర్సిటీకి ఎర్లీలో అప్లై చేయకూడదు. ఎం.ఐ.టి. ఎర్లీ యాక్షన్‌కి ఆ షరతు కూడా లేదు. మా సలహా ఇది: పూర్తి సాయం కావలసిన పిల్లలు, విదేశీయుల పూర్తి అవసరం తీరుస్తామని రాతపూర్వకంగా చెప్పని కాలేజీకి ఎర్లీ డెసిషన్‌లో సంతకం పెట్టొద్దు.

అప్లికేషన్‌లో ‘ఆర్థిక సాయం కోరుతున్నారా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని రాస్తే సీటు సులువనీ, చేరాక అడగొచ్చనీ చాలామంది చెబుతుంటారు. నమ్మకండి. సీటుకి అప్లై చేసేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ ఎయిడ్ ఇవ్వని యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి.

ఇక ఫారం. ఎక్కువ కాలేజీలు కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ వారి సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అడుగుతాయి. ఇది ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం. ప్రొఫైల్ అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16. కట్టలేకపోతే కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ రాసి మాఫీ కోడ్ అడగండి, కొన్ని ఇస్తాయి. కార్డుతో కట్టేవాళ్లు ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. మన దగ్గర కొత్త కార్డుల్లో అవి ఆఫ్‌లోనే వస్తాయి, అందుకే గడువు రాత్రి పేమెంట్ ఫెయిలవుతుంది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో తెలియాలంటే ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. కూర్మన్నపాలెంలో కాపురం, తండ్రికి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, తల్లి ఇంట్లోనే బట్టలు కుడతారు, అనకాపల్లి వైపు ఎకరం పొలం కౌలుకిచ్చారు. తండ్రి బ్యాంకులో నెలకి 78,000 పడుతుంది, అంటే ఏడాదికి 9,36,000. ఫారం 16లో స్థూల జీతం 12,60,000. మధ్యలో ఉన్న 3,24,000 పీఎఫ్, పన్ను, సొసైటీ లోన్ కోతలు. ప్రొఫైల్‌లో రాయాల్సింది 12,60,000. చేతికొచ్చేది రాస్తే ఫారం 16తో సరిపోదు, కాలేజీ వివరణ అడుగుతుంది, ఫైలు ఆగిపోతుంది. సొసైటీ లోన్ సంగతి ప్రత్యేక పరిస్థితుల గడిలో రెండు వాక్యాల్లో చెప్పండి. తల్లి సంపాదన నెలకి 6,000 అయితే ఏడాది గడిలో 72,000 పడాలి. 6,000 వేసి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. కౌలు 25,000కి ఇక్కడ పన్ను లేదు కాబట్టి ఐటీ రిటర్న్‌లో పన్ను పడే ఆదాయంగా కనిపించదు. అయినా ప్రొఫైల్‌లో పన్ను లేని ఆదాయం దగ్గర చూపించాలి. పీఎఫ్ నిల్వను పొదుపులో కలపకండి, పదవీ విరమణ నిధులకు వేరే ప్రశ్న ఉంటుంది. ఇంటికి కొన్న ఏడాది, కొన్న ధర, ఇవాళ అమ్మితే వచ్చే ధర, మిగిలిన హోమ్ లోన్ అడుగుతారు. తాతగారి పేరు మీదున్న, ఇంకా పంచుకోని ఆస్తిని మొత్తం మీదేనన్నట్టు రాయకండి. మీ వాటా ఎంతో రాసి వివరణ ఇవ్వండి.

కరెన్సీ దగ్గర రూపాయలు ఎంచుకుని రూపాయల్లోనే నింపండి. డాలర్లలోకి మార్చి వేస్తే 12,60,000 కాస్తా పద్నాలుగు వేల రూపాయలైపోతుంది. ఏ ఏడాది ఆదాయం అడుగుతున్నారో కూడా చూడండి. మామూలుగా చేరే ఏడాదికి రెండేళ్ల ముందుది అడుగుతారు. ఆ తర్వాత ఉద్యోగం పోయినా, పెద్ద జబ్బు చేసినా అది వివరణలో రావాలి.

కాగితాలు సెప్టెంబర్‌లోనే పోగుచేయండి: తల్లిదండ్రులిద్దరి ఐటీఆర్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్, హోమ్ లోన్ స్టేట్‌మెంట్, పొలం ఉంటే మీభూమి నుంచి 1బి. రిటర్న్ వేయని వాళ్లు ఆ సంగతీ ఏడాది ఆదాయమూ రాసి సంతకం పెట్టిన ఉత్తరం ఇవ్వాలి. దుకాణంలో పనిచేస్తే యజమాని లెటర్. వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం దీనికి బలం. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం జతచేయండి. వీటిని చాలా కాలేజీలు ఐడాక్ అనే వ్యవస్థ ద్వారా తీసుకుంటాయి. ఫారం 16, పీఎఫ్, బ్యాంకు పీడీఎఫ్‌లకు తరచూ పాస్‌వర్డ్ ఉంటుంది. అలాగే పంపితే అవతలివాళ్లు తెరవలేరు. ఫైలు తెరిచి, ప్రింట్‌లోకి వెళ్లి, మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే పాస్‌వర్డ్ లేని కాపీ వస్తుంది.

పేరు విషయం మనవాళ్లకి ప్రత్యేకమైన చిక్కు. మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే రెండు ఫైళ్లు ఒకరివేనని కాలేజీకి తెలియదు. కామన్ యాప్‌లోనూ (చాలా కాలేజీలకు ఒకే చోట నుంచి అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) ప్రొఫైల్‌లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి, పుట్టిన తేదీ, ఈమెయిల్ కూడా ఒకటే ఉండాలి.

అక్టోబర్‌లో దసరా సెలవులొస్తాయి. కౌన్సెలర్ సంతకం, మార్కుల పత్రం సెలవులకి ముందే తీసుకోండి. తుఫాన్ల కాలం కూడా అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అక్టోబర్ 25కి పంపేసేలా పెట్టుకోండి. ఎయిడ్ గడువు కాలేజీని బట్టి మారుతుంది, అది సీటు గడువు కంటే వేరుగా ఉండొచ్చు, ప్రతి కాలేజీ పేజీలో చూసి రాసుకోండి.

డిసెంబర్ మధ్యలో ఫలితం, సీటొస్తే దాంతోపాటే ఎయిడ్ లెటర్ వస్తాయి. అందులో తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు ఎంత, లోను ఎంత, క్యాంపస్‌లో పనిచేసి సంపాదించాల్సింది ఎంత, విమానం టికెట్, ఇన్సూరెన్స్ ఉన్నాయా లేదా విడివిడిగా చూడండి. తక్కువైతే చేరతామని చెప్పకముందే, డిపాజిట్ కట్టకముందే ఎయిడ్ ఆఫీసుకి ఒక పేజీ ఉత్తరం రాయండి: మేం కట్టగలిగింది ఇంత, మీరు అడిగింది ఇంత, తేడాకి కారణం ఇది, ఆధారం ఇదిగో. బతిమాలే మాటల కంటే కొత్త కాగితం పనిచేస్తుంది. ఇంకొకటి, హాస్టల్‌కి, తిండికి ఇచ్చే స్కాలర్‌షిప్ మీద అమెరికాలో పన్ను ఉంటుంది, ఎఫ్1 అనే విద్యార్థి వీసా వాళ్లకు సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్–అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు) తీసుకోవచ్చు కాబట్టి రిటర్న్ వేస్తే కొంత తిరిగి రావచ్చు. ఆ పన్ను ఎయిడ్‌లో కలిపారా లేదా అన్న ప్రశ్న కూడా ఆ ఉత్తరంలోనే అడగండి.