హెచ్ఆర్‌వీ పరికరం ఎంత నమ్మదగ్గదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

గుండె బీట్ల మధ్య వ్యవధి ఎంత మారుతోందో చెప్పే అంకే హెచ్ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ). పొద్దున్నే వాచ్ దాన్ని 58 అంటుంది, ఉంగరం 41 అంటుంది, ఫోన్ యాప్ 72 అంటుంది. గుండె ఒకటే. ఏది అబద్ధమని అడిగేముందు అవి ఏం లెక్కగడుతున్నాయో చూడాలి. ఆపిల్ వాచ్ హెల్త్ యాప్‌లో కనిపించేది ఎస్‌డీఎన్ఎన్, అంటే బీట్ల వ్యవధులన్నీ వాటి సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె. ఊరా ఉంగరం, వూప్ బ్యాండు, గార్మిన్ వాచ్ చూపేది నిద్రలో తీసిన ఆర్ఎంఎస్ఎస్‌డీ, అంటే పక్కపక్క వ్యవధుల తేడాలతో కట్టే అంకె. కొన్ని యాప్‌లు ఆ ఆర్ఎంఎస్ఎస్‌డీకి లాగరిథమ్ తీసి, నూటికి ఇన్ని మార్కులని వేస్తాయి. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడం అసలు పోలికే కాదు. స్కోర్ల జోలికి పోకుండా కిందున్న ముడిసరుకు, అంటే రెండు బీట్ల మధ్య మిల్లీసెకన్లలో వచ్చే ఆర్ఆర్ వ్యవధుల జాబితా, తీసుకోవాలి. ఆ జాబితా బయటికి ఇవ్వని పరికరాన్ని బీటు బీటుగా సరిచూసే దారి లేదు. కొనేముందు షాపువాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కొలబద్దగా ఛాతీ బెల్టు పెట్టుకోండి. పోలార్ హెచ్10 లాంటివి గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటాయి. వాచ్, ఉంగరం, ఫోన్ కెమెరా మాత్రం చర్మం కింద రక్తం పొంగే క్షణాన్ని వెలుతురుతో చూస్తాయి. ఆ పొంగు మొన ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది కాబట్టి ఎక్కడ కొలవాలో సాఫ్ట్‌వేర్ ఊహించాలి. అందుకే వీటి ఆర్ఎంఎస్ఎస్‌డీ సాధారణంగా బెల్టు కంటే కాస్త ఎక్కువ వస్తుంది. ఆసుపత్రిలో తీసే 12 లీడ్ల ఈసీజీ దీనికి పనికిరాదు, అది పట్టుమని 10 సెకన్లే. 1996లో యూరప్, అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఇలాంటి రికార్డింగ్ 5 నిమిషాలు ఉండాలి.

ఒక్క బీటు తప్పితే ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. ఆర్ఆర్ వ్యవధులు వరుసగా 850, 862, 840, 871, 855 అనుకుందాం. పక్కపక్క తేడాలు 12, 22, 31, 16. వాటి వర్గాలు కలిపితే 1845, నాలుగుతో భాగిస్తే 461, వర్గమూలం 21.5. ఇదే ఆర్ఎంఎస్ఎస్‌డీ. ఇప్పుడు పరికరం మధ్యలో ఒక బీటు వదిలేసి 862, 840 కలిపి 1702 అని రాసిందంటే మిగిలిన నాలుగు వ్యవధుల ఆర్ఎంఎస్ఎస్‌డీ 687కి ఎగురుతుంది. ఐదు నిమిషాల్లో దాదాపు 350 బీట్లుంటాయి. అన్నింటిలో ఒక్కటే తప్పినా 21 ఉండాల్సింది 67 దాకా వెళ్తుంది. అందుకే సగటు గుండె వేగం రెండు పరికరాల్లోనూ 70 అని సరిపోయినంత మాత్రాన హెచ్ఆర్‌వీ సరిపోయినట్టు కాదు.

బెల్టు ఎలక్ట్రోడ్లను నీళ్లతో బాగా తడిపి, ఛాతీ ఎముక కింది భాగాన బిగించండి. మే నెలలో తిరుపతిలో చెమటే ఆ పని చేసిపెడుతుంది. ఏసీ గదిలో, సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం త్వరగా ఆరిపోతుంది. పాలిస్టర్ టీషర్టు ఫ్యాన్ గాలికి బెల్టు మీద రెపరెపలాడితే స్థిర విద్యుత్తుతో లేని బీట్లు పుడతాయి, కాటన్ బనియను వేసుకోండి. పలమనేరు, కుప్పం వైపు డిసెంబర్ ఉదయాల్లో సమస్య వాచ్‌కీ, ఫోన్‌కీ వస్తుంది. చల్లబడ్డ వేళ్లలో రక్తప్రసరణ తగ్గి సంకేతం సన్నగిల్లుతుంది. అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే మొదలుపెట్టండి. కెమెరా మీద వేలు గట్టిగా నొక్కితే రక్తమే ఆగిపోతుంది, ఆనీ ఆనకుండా పెట్టాలి.

లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందే కొలవండి. రెండు పరికరాల రికార్డింగ్ ఒకేసారి మొదలుపెట్టి, ముందు మూడు గాఢమైన శ్వాసలు తీసుకోండి. శ్వాసతో ఆర్ఆర్ అలలా పెరిగి తరుగుతుంది కాబట్టి రెండు గడియారాలు కొన్ని సెకన్లు తేడాగా ఉన్నా ఆ మూడు అలలను ఒకదాని మీద ఒకటి పెట్టి జాబితాలు కలిపేయొచ్చు. తరువాత 5 నిమిషాలు పడుకుని, 5 నిమిషాలు కూర్చుని, 3 నిమిషాలు నిలబడి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. పడుకున్నప్పుడు అన్ని పరికరాలూ బుద్ధిమంతులే, అసలు రంగు నిలబడ్డాక బయటపడుతుంది.

ఎలైట్ హెచ్ఆర్‌వీ లాంటి యాప్ నుంచి ఆర్ఆర్ ఫైలు ఎక్సెల్‌లోకి దించాక ముందుగా మొత్తం కూడండి. 5 నిమిషాలకు 300 సెకన్లు రావాలి. 287 వచ్చిందంటే 13 సెకన్ల బీట్లు బ్లూటూత్‌లో పోయాయి, లేదా యాప్ తనకు నచ్చనివి చెప్పకుండా తీసేసింది. 307 వస్తే బెల్టును తప్పుబట్టకండి. బ్లూటూత్ ఆర్ఆర్‌ను సెకనులో 1024వ వంతుల్లో పంపుతుంది, యాప్ దాన్ని మిల్లీసెకన్లలోకి మార్చడం మరిచిపోయిందన్నమాట. మొత్తం సరిపోయినా బెల్టు కంటే బీట్ల సంఖ్య తక్కువుంటే కొన్ని బీట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. తరువాత ముందున్న దానికంటే 20 శాతానికి మించి మారిన ప్రతి వ్యవధికీ రంగు వేయండి. అలాంటివి 5 శాతం దాటిన రికార్డింగును పక్కన పడేయండి. రంగు పడ్డవి బెల్టులోనూ అదే చోట ఉంటే అది పరికరం తప్పు కాదు, గుండెలోనే ముందుగా వచ్చిన బీటు కావచ్చు. తరచూ అలా కనిపిస్తే పోలిక ఆపి, రికార్డింగు తీసుకుని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో మరోచోటో కార్డియాలజిస్టును కలవండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు, ఉన్నవాళ్లలో హెచ్ఆర్‌వీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, దానికి సంబరపడకూడదు.

ఇలా 10 ఉదయాలు చేసి, ఒక్కో రోజు వాచ్ విలువలోంచి బెల్టు విలువ తీసేయండి. చాలామంది ఇక్కడ కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి పెరిగి తగ్గుతున్నాయో చెప్పే అంకె) లెక్కవేసి 0.95 వచ్చిందని మురిసిపోతారు. ప్రతిరోజూ సరిగ్గా రెట్టింపు చూపే వాచ్‌కి కూడా కోరిలేషన్ 1 వస్తుంది. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ లాన్సెట్ పత్రికలో వివరించిన పద్ధతి దీనికి సరైనది: తేడాల సగటు, దానికి అటూ ఇటూ 1.96 రెట్ల స్టాండర్డ్ డీవియేషన్ (తేడాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత). సగటు 5, డీవియేషన్ 4 అయితే వాచ్ బెల్టు కంటే 3 తక్కువ నుంచి 13 ఎక్కువ దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఎప్పుడూ 5 ఎక్కువ చూపడం పెద్ద ఇబ్బంది కాదు, రోజురోజుకీ వచ్చే మార్పు తెలుస్తుంది. అటూ ఇటూ ఊగే ఆ 8 మాత్రం ఇబ్బందే. మీ హెచ్ఆర్‌వీ మామూలుగా రోజుకు 6 మారుతుంటే, ఆ మార్పు వాచ్ ఊగిసలాటలోనే మునిగిపోతుంది.

అలిపిరి నడకదారి 3550 మెట్లెక్కిన మర్నాడు ఇంకో పరీక్ష చేసుకోవచ్చు. చాలామందిలో ఆ ఉదయం ఆర్ఎంఎస్ఎస్‌డీ తగ్గుతుంది. బెల్టులో తగ్గి వాచ్‌లో తగ్గకపోతే దాని సంగతి తెలిసినట్టే. మెట్లెక్కుతుండగా వచ్చే హెచ్ఆర్‌వీని మాత్రం పట్టించుకోకండి. చేయి ఊగేటప్పుడు వాచ్ కొలిచేది రక్తాన్నో, అడుగుల లయనో చెప్పలేం.

బెల్టులో ఉన్నట్టుండి బీట్లు తప్పడం మొదలైతే ముందు సీఆర్2025 బిళ్ల బ్యాటరీ మార్చి చూడండి, వాచ్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. అప్పటికీ అంతే అయితే పట్టీ మార్చాలి, చెమట ఉప్పుకు ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. వాచ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మూడు ఉదయాలైనా బెల్టుతో మళ్లీ పోల్చండి, బీట్లను ఏరే లెక్క మారిపోయి ఉండొచ్చు.